ఏ ఊళ్ళో వాడారు?

రెండేళ్ళ క్రితం ఉగాది నాడు మా క్వార్టరుకు మైగ్రేషన్ పిల్లలు వచ్చారు. మన నవోదయ విద్యాలయాల్లో తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మంది ఒక ఏడాదిపాటు హిందీ ప్రాంతానికీ హిందీయేతర ప్రాంతానికీ మధ్య మారి చదువుకుంటారన్నది ఈ పత్రిక చదివేవారందరికీ తెలిసిందే. అలా ఒక తెలుగు జిల్లా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని మా బడికి వచ్చిన పిల్లలు వాళ్ళు. ఇంటిమీద బెంగ పెట్టుకోకుండా ఉంటారని ఉగాది పచ్చడికి పిలిచాం. ఊరినుంచి ఎండబెట్టి పంపిన వేపపువ్వు, ఇక్కడి సంతలో దొరికిన మామిడికాయ, బెల్లం, కొత్త చింతపండు అన్నీ కుదిరాయి. కూర్చోబెట్టడానికే చోటు కుదరలేదు. అట్టపెట్టెలు గోడవైపు జరిపి, చాప వేశాం.

పచ్చడి నాలుకకు రాసుకుంటూ ఒక అబ్బాయి ఇల్లంతా కలయజూసి, "మేడం, మీరు ఇప్పుడే ట్రాన్స్‌ఫర్ మీద వచ్చారా? సామాను ఇంకా విప్పలేదా?" అని అడిగాడు.

మేము ఆ క్వార్టరులో దిగి అప్పటికి ఏడాది తొమ్మిది నెలలయింది.

ఆ అబ్బాయి ఎగతాళికి అనలేదు. నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు, "ఆదివారం వచ్చి విప్పిపెడతాం మేడం" అని కూడా అన్నాడు. నవ్వి ఊరుకున్నాం కానీ ఆ మాట మాకు తగిలింది. ఎందుకంటే వారం వారం డార్మెటరీ తనిఖీకి వెళ్ళేది మేమే. అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి హౌసుల్లో ఎవరి మంచం సరిగ్గా ఉంది, ఎవరి ట్రంకులో బట్టలు మడత పెట్టలేదు, ఎవరి బూట్లు మంచం కింద చెల్లాచెదురుగా ఉన్నాయి అని మార్కులు వేసేది మేమే. ఆ పిల్లవాడికి ఏడాదికి సరిపడా సంసారం ఒక ట్రంకు, ఒక బకెట్టు, ఒక పరుపు. మాకు 41 అట్టపెట్టెలు.

మేమంటే ఇద్దరు ఉపాధ్యాయులం, ఒక పాప. మాలో ఒకరు తెలుగు చెబుతారు, ఒకరు లెక్కలు చెబుతారు. ఉద్యోగంలో చేరి పన్నెండేళ్ళు. మొదట రాజస్థాన్, తరువాత ఒడిశా తీరం, ఆ తరువాత రెండేళ్ళు ఒకరు మధ్యప్రదేశ్‌లో, ఒకరు హర్యానాలో, మళ్ళీ కలిసి ఛత్తీస్‌గఢ్, ఇప్పుడు ఇక్కడ. మా స్థాయి ఉద్యోగులు బదిలీ అయితే 6000 కిలోల దాకా సామాను ప్రభుత్వ ఖర్చుతో తీసుకెళ్ళవచ్చని నిబంధన. అంత సామాను మాకు ఏనాడూ లేదు. అయితే ఆ అంకె మాలో లెక్కలు చెప్పే మనిషికి పెద్ద ధైర్యం. "ఇంకా బోలెడు అవకాశం ఉంది, ఉండనివ్వండి" అనేవారు ఏది పారేద్దామన్నా.

ఇంత సామాను ఎలా పోగయిందో ఒకసారి కూర్చుని ఆలోచిస్తే, సోమరితనం ఒక్కటే కారణం కాదనిపించింది. రాజస్థాన్ ఇసుకగాలికి కొన్న పెద్ద కూలరును ఒడిశా సముద్రం పక్కకు మోసుకెళ్ళాం. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న చోట కూలరు చల్లబరచదు, ఇల్లంతా ఇంకా ఉక్క పెడుతుంది. అది తెలిశాక కూడా అమ్మలేదు. రేపు మళ్ళీ ఎడారికే వేస్తే? హర్యానా చలికి కుట్టించిన రెండు రజాయిలు అంతే. రేపు ఏ ఊరో తెలియని మనిషి అన్ని ఊళ్ళకూ కావలసినవి అన్నీ కట్టుకుని తిరుగుతాడు. పైగా రెండేళ్ళు రెండు కాపురాలు పెట్టడం వల్ల గ్యాసు పొయ్యిలు రెండు, మిక్సీలు రెండు, పోపుల పెట్టెలు రెండు, చపాతీ పీటలు మూడు. మూడోది ఎలా వచ్చిందో ఇద్దరికీ తెలియదు.

ఇవి కాక ఇంకో రకం సామాను ఉండేది. పెళ్ళిలో వచ్చిన గాజు గ్లాసుల సెట్టు, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క పిడతలు, గోడ గడియారాలు నాలుగు. "సొంత ఇల్లు కట్టుకున్నాక పెట్టుకుందాం" అన్న పెట్టెలు ఇవన్నీ. వాటిమీద స్కెచ్ పెన్నుతో 'ముఖ్యం' అని రాసి ఉండేది. ముఖ్యం అని రాసిన పెట్టెలనే పన్నెండేళ్ళలో ఒక్కసారీ తెరవలేదు.

శుభ్రం చేయాలని ప్రయత్నించలేదా అంటే, ప్రతి దసరా సెలవులకూ ప్రయత్నించాం. సెలవుల మొదటి రోజు పొద్దున్నే తలగుడ్డలు చుట్టుకుని, బీరువాలు, అటక, మంచం కింద అన్నీ ఒకేసారి బయటికి లాగేవాళ్ళం. మధ్యాహ్నానికి ఒక పాత ఫొటోల ఆల్బం దగ్గర ఆగిపోయేవాళ్ళం. సాయంత్రానికి ఒకరు 'పారేద్దాం', ఇంకొకరు 'దాచుదాం'. రాత్రికి పడుకోవడానికి చోటుండేది కాదు. పాప నిద్రకు ఏడిస్తే, ఎక్కడివక్కడ మళ్ళీ తోసేసి తలుపులు మూసేవాళ్ళం. మర్నాడు నడుంనొప్పి, రెండు రోజులు మాటలు లేవు. పొద్దున 5:30కి పీటీ, తరువాత తరగతులు, మధ్యాహ్నం వెనుకబడిన పిల్లలకు పాఠాలు, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ, హాజరు, వంతు వస్తే మెస్ డ్యూటీ. ఇలా గడిచే మనుషులకు ఏడాదికి ఒక్క మహా ప్రక్షాళన సరిపోతుందని ఎందుకు అనుకున్నామో ఇప్పుడు నవ్వొస్తుంది.

అప్పుడు నవ్వొచ్చే పరిస్థితి లేదు. ఆ ఏడాది జూలైలో నాన్నమ్మ మా దగ్గరికి వచ్చారు. మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తయ్య, పాపకు నాన్నమ్మ. మా ఇంట్లో అందరూ నాన్నమ్మ అనే అంటాం. గోదావరి డెల్టాలో కాలువగట్టు పక్క ఊరు వారిది. ఆగస్టులో ఒక రాత్రి వాన, కరెంటు పోయింది. బాత్రూముకని లేచి నడవాలోకి వచ్చిన నాన్నమ్మ గోడవారన ఉన్న అట్టపెట్టె తగిలి పడ్డారు. చేయి ఆన్చి పడడంతో కుడి మణికట్టు విరిగింది.

టార్చి వెలుగులో ఆ పెట్టెను చూశాం. మీద 'బి.ఎడ్. రికార్డులు, గైడ్లు' అని రాసి ఉంది. పన్నెండేళ్ళుగా కట్టిన సుతిలి తాడు కట్టినట్టే ఉంది.

"నేనే చూసుకోలేదమ్మా, కొత్త ఇల్లు కదా" అన్నారు నాన్నమ్మ, చేయి పట్టుకుని. ఆవిడ మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అందుకే మరీ కష్టమనిపించింది. తెల్లవారి పక్క పట్టణంలో కట్టు వేయించి తీసుకొచ్చాం. ఆరు వారాలు కదపకూడదన్నారు.

కుడిచేయి కట్టులో ఉన్న మనిషికి పొద్దుపోవద్దూ! మూడో రోజున ఆవిడే అడిగారు, "సాయంత్రం స్టడీకి వెళ్ళేలోపు ఒక్క పెట్టె విప్పి నా ముందు పెట్టండి, ఏమున్నాయో చూద్దాం" అని. రోజుకు ఒక్కటే. రెండోది విప్పబోతే ఒప్పుకోలేదు. విప్పిన పెట్టె ఆ రాత్రికే ఖాళీ అయిపోవాలి, నేలమీద మిగలకూడదు. ఆదివారం సెలవు. కుర్చీలో ఆవిడ, చాపమీద మేము, పక్కన పాప. ఒక్కొక్క వస్తువు పైకి తీసి చూపిస్తే ఆవిడ అడిగేది ఒకటే ప్రశ్న.

"ఏ ఊళ్ళో వాడారు?"

ఇష్టమా, పనికొస్తుందా, ఖరీదెంత అని అడిగి ఉంటే మా దగ్గర ఎన్ని జవాబులైనా ఉండేవి. ఉపాధ్యాయులం కదా, జవాబులకు లోటా! ఈ ప్రశ్నకు మాత్రం ఊరి పేరు చెప్పాలి. రాజస్థాన్‌లో వాడాం, ఛత్తీస్‌గఢ్‌లో వాడాం అనగలిగితే అటువైపు. చెప్పలేకపోతే ఇటువైపు. గాజు గ్లాసుల సెట్టుకు ఊరు లేదు. గడియారాలు మూడింటికి లేదు. చపాతీ పీటల్లో ఒకదానికి మూడు ఊళ్ళున్నాయి, రెండింటికి ఏమీ లేవు.

కూలరు దగ్గర తగాదా వచ్చింది. దానికి ఊరు ఉంది మరి. "మళ్ళీ అటే వేస్తే ఏం చేస్తాం?" అన్నారు లెక్కలు చెప్పే మనిషి.

"అక్కడ కూలర్లు అమ్మరేంట్రా?" అన్నారు నాన్నమ్మ.

పన్నెండేళ్ళుగా మాకు తట్టని మాట అది. మా మనసులో ప్రతి కొత్త ఊరూ ఏమీ దొరకని అడవే. నిజానికి మేము పనిచేసిన ప్రతి చోటా అక్కడి మనుషులకు కావలసినవి అక్కడ దొరికాయి. రజాయిలు మాత్రం ఉంచుకున్నాం, ఉత్తరప్రదేశ్‌లో జనవరి పొగమంచు సంగతి ఆవిడ ఎరగరు.

కాగితాల పెట్టెలు ఎక్కువ రోజులు తిన్నాయి. నియామకపు ఉత్తర్వు, ప్రతి బదిలీకీ రిలీవింగ్, జాయినింగ్ కాగితాలు, సర్టిఫికెట్లు, పాప పుట్టినరోజు ధ్రువపత్రం ఒక ఫైలులోకి వచ్చాయి. ఆ ఫైలు ఇప్పుడు ఎప్పుడడిగినా రెండు నిమిషాల్లో దొరుకుతుంది. పాత యూనిట్ టెస్టు పేపర్లు పిల్లల పేర్లూ మార్కులూ ఉన్నవి కాబట్టి చింపి మరీ వేశాం. పాత పోటీ పరీక్షల గైడ్లు లైబ్రరీకి ఇద్దామా అనుకుని మానుకున్నాం. సిలబస్ మారిపోయిన పుస్తకం ఇంకొకరికి అంటగట్టడం దానం కాదు. పాత సామాను కొనే అతను రెండుసార్లు వచ్చి కాటా వేస్తే కాగితమే 62 కిలోలయింది. రెండో మిక్సీ మెస్సులో పనిచేసే అక్కకు ఇచ్చాం, బాగా తిరుగుతుందో లేదో ముందు మా ఇంట్లో పప్పు రుబ్బి చూసి.

పిల్లలు రాసిన ఉత్తరాలు, టీచర్స్ డే గ్రీటింగు కార్డులు ఒక పెట్టెడు. వాటి మీద నాన్నమ్మ ప్రశ్న వేయలేదు. ఎడమ చేత్తో నాలుగైదు తీసి చదివించుకుని, "ఇవి ఉంచుకోండి, కానీ చిన్న పెట్టెలోకి" అన్నారు. సగానికి తగ్గించాం. ఏది తీసేశామో ఇప్పుడు గుర్తు లేదు. గుర్తొస్తే బాధపడతామేమో.

పందొమ్మిదో పెట్టె సంగతి చెప్పాలి.

అది ఒడిశా నుంచి వస్తున్న పెట్టె. తాతయ్య పోయిన ఏడాది ఊళ్ళో ఇల్లు సర్దినప్పుడు మా వంతుకు వచ్చిన సామాను హడావిడిగా అందులో వేసి తెచ్చుకున్నాం. పైన దుప్పట్లు, కింద ఒక పంచాంగాల కట్ట, దాని కింద పాత గుడ్డలో చుట్టిన నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. తాతయ్యది. ఆయన కాలువల శాఖలో లస్కరుగా చేశారు. ముప్పయ్యేళ్ళు ఆ క్యారేజీ సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని గట్టు వెంబడి తిరిగారు. మూతమీద ఆయన పేరు చెక్కి ఉంది.

గుడ్డ విప్పగానే మాకు గుర్తొచ్చింది. తాతయ్య పోయిన మరుసటి ఏడాది నాన్నమ్మ ఫోనులో ఈ క్యారేజీ గురించే అడిగారు. "మా దగ్గర లేదు" అని చెప్పాం. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, లేదనే అనుకున్నాం. "అయితే ఆ హడావిడిలో ఎవరో పట్టుకుపోయి ఉంటారులే" అని ఆవిడ ఊరుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆరేళ్ళు అది మాతోనే మూడు రాష్ట్రాలు తిరిగింది.

ఇద్దరం తలలు దించుకుని కూర్చున్నాం. ఆట అలవాటైపోయిన పాప మాత్రం క్యారేజీని రెండు చేతులా ఎత్తి, "ఏ ఊళ్ళో వాడారు?" అని నాన్నమ్మనే అడిగింది.

ఆవిడ వెంటనే మాట్లాడలేదు. ఎడమ చేత్తో మూత తడిమి, "మా ఊళ్ళో" అన్నారు.

ఆ రోజు ఇంక ఏమీ విప్పలేదు. చింతపండుతో తోమి, ఎండబెట్టి, ఆవిడ మంచం పక్క గూట్లో పెట్టాం. సెప్టెంబరు చివర కట్టు విప్పాక ఊరికి ప్రయాణమయినప్పుడు, దారికి పులిహోర, పెరుగన్నం అందులోనే పెట్టించుకున్నారు. "బరువు కదా, ప్లాస్టిక్ డబ్బా ఇస్తాం" అంటే వినలేదు.

ఆవిడ వెళ్ళాక మిగిలిన పెట్టెలు దసరా సెలవుల్లో అదే పద్ధతిలో, రోజుకు ఒకటి లెక్కన విప్పాం. ఇప్పుడు మా సామాను 22 పెట్టెలు. అందులో తొమ్మిది పుస్తకాలే. పుస్తకాలకు ఊరి ప్రశ్న వేయకూడదని మాలో తెలుగు చెప్పే మనిషి పట్టుబట్టడం వల్ల అవి తగ్గలేదు, చిన్న పెట్టెల్లోకి మారాయి. పుస్తకాలు పెద్ద పెట్టెలో వేస్తే ఎత్తేవాళ్ళ నడుము పోతుంది, అడుగు చినిగి దారిలో పుస్తకాలూ పోతాయి. ఈ పాఠం ఛత్తీస్‌గఢ్‌కు వెళ్ళేటప్పుడు నేర్చుకున్నాం. కొండపల్లి బొమ్మలు కిటికీ గట్టు మీదికి వచ్చాయి. ఒకదాని చేయి దుమ్ము తుడుస్తుంటే ఊడింది. అతికించి మళ్ళీ అక్కడే పెట్టాం.

ఇల్లు అద్దంలా ఉంటోందని అనుకోకండి. మేము పెట్టుకున్న పని చాలా తక్కువ. రాత్రి హాజరు వేసి వచ్చాక పదిహేను నిమిషాలు. అందులో మొదటిది నడవా. పడకగది నుంచి బాత్రూము దాకా నేలమీద ఏమీ ఉండకూడదు, చెప్పులు కూడా. తరువాత సింకు ఖాళీ కావాలి. తరువాత పొయ్యి గట్టు తుడవాలి. పదిహేను నిమిషాలు కాగానే ఆపేస్తాం, మిగిలింది మిగిలినట్టే. ఈ ఆపేయడం మాకు కష్టంగా అబ్బింది. ముందు ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అని గంట చేసి, మర్నాడు అసలు చేయకుండా పోయేవాళ్ళం. ఎవరి వంతు అన్న గొడవ లేదు. రెండేళ్ళు వేరుగా ఉన్నందుకు మాకు మిగిలిన లాభం ఒక్కటే, లెక్కలు చెప్పే మనిషికి అంట్లు తోమడం, ఇల్లు తుడవడం వచ్చేశాయి. పాప తన బూట్లు, బడి సంచి చూసుకుంటుంది. చూసుకోని రోజులూ ఉంటాయి.

బాత్రూము నేల స్నానానికి వెళ్ళిన మనిషే, ఎలాగూ తడుస్తాం కాబట్టి, రెండు నిమిషాలు బ్రష్షుతో రుద్దేసి వస్తాం. ఇక్కడి బోరు నీళ్ళకు బకెట్ల మీద, కుళాయిల మీద తెల్లటి పొర కడుతుంది. నిమ్మ ఉప్పు నీళ్ళలో కలిపి గుడ్డతో పట్టించి అరగంట వదిలితే ఊడివస్తుంది. అది చాలకపోతే యాసిడ్ వాడేవాళ్ళున్నారు. దానిమీద బ్లీచింగ్ పౌడరు మాత్రం చల్లకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఫ్యాను రెక్కకు పాత దిండుగలేబు తొడిగి, బయట గుడ్డతో అదిమి లాగితే దుమ్మంతా గలేబులోనే ఉండిపోతుంది, మంచం మీద రాలదు. స్విచ్చి ఆపి, రెక్కలు పూర్తిగా ఆగాకే సుమా. తడిగుడ్డ వారానికి రెండుసార్లు, బూజు నెలకోసారి. మార్చిలో పరీక్షలూ మూల్యాంకనమూ వచ్చినప్పుడు ఇవేవీ జరగవు, నడవా ఒక్కటే జరుగుతుంది.

మొన్న ఇంకో జట్టు మైగ్రేషన్ పిల్లలు వచ్చి వెళ్ళారు. కొత్తగా వచ్చారా అని ఎవరూ అడగలేదు. ఒక అమ్మాయి కొండపల్లి బొమ్మలు చూసి మా అమ్మమ్మ ఇంట్లోనూ ఉన్నాయని చెప్పి, కాసేపు వాటి దగ్గరే నిలబడింది.

ఈ ఏడాది బదిలీల జాబితాలో మా పేర్లు ఉంటాయో లేదో తెలియదు. నాన్నమ్మ మాత్రం దసరాకు వస్తామని ఫోను చేశారు, టికెట్టు కూడా అయింది. నడవాలో రాత్రంతా వెలిగే చిన్న దీపం ఒకటి, కరెంటు పోతే దానంతట అదే వెలిగేది, కొని పెట్టాం. ఇది రాస్తున్న ఆదివారం మధ్యాహ్నం నడవా ఖాళీగా ఉంది. ఆవిడ కూర్చునే కుర్చీలో మాత్రం నాలుగు రోజుల ఉతికిన బట్టలు మడత పెట్టకుండా గుట్టగా ఉన్నాయి.